ఊపిరి దారుల్లో తెమడ



కెనడాలో చలి ముదిరే కొద్దీ మన తెలుగు ఇళ్ళలో దగ్గులు మొదలవుతాయి. పిల్లలు బడి నుంచి తెచ్చిన జలుబు ఇల్లంతా తిరుగుతుంది. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అది ఛాతీలోకి దిగుతుంది. తెమడ తెగక తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంటారు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు సూట్‌కేసు తెరిచి, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెంట తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు బయటికి తీస్తారు. క్లినిక్‌లో గంటల తరబడి కూర్చునే కన్నా ఇది వేసుకుంటే రేపటికల్లా తగ్గిపోతుందని వాళ్ళ నమ్మకం. ఈ అలవాటు నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఇంకోవైపు, నెలల తరబడి గళ్ళతో దగ్గుతున్న పిల్లవాణ్ణి "చల్లటి ఊరు కదా, ఇక్కడ అందరికీ ఇంతే" అని వదిలేసే ఇళ్ళూ ఉన్నాయి. అక్కర్లేని చోట మందు వేసుకోవడం, అవసరమైన చోట పట్టించుకోకపోవడం, ఈ రెండూ ఒకే అయోమయం నుంచి పుడుతున్నాయని నా అభిప్రాయం. తెమడ ఎందుకు ఊరుతుందో మనకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అది తేల్చడంలో మనం ఉంటున్న ఈ దేశానికి పెద్ద వాటా ఉంది. టొరంటో, కాల్గరీ, విన్నిపెగ్ నగరాల్లో జరిగిన పనిని మీ ముందు పెడతాను.

ముందుగా ఒక మాట. ఏ జబ్బూ లేనివాళ్ళ ఊపిరి దారుల్లో కూడా రోజూ తెమడ తయారవుతూనే ఉంటుంది. అది మెల్లగా గొంతులోకి చేరుతుంది, మనకు తెలియకుండానే మింగేస్తాం. మనిషి రోజుకు దాదాపు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. ఆ గాలితో పాటు దుమ్ము, పొగ, పుప్పొడి, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. శ్వాసనాళాల లోపలి గోడ మీద పల్చటి జిగురు పొర ఉంటుంది, వచ్చినవన్నీ దానికి అంటుకుపోతాయి. దాని కింద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు సెకనుకు పది పదిహేను సార్లు ఒకే దిశలో ఊగుతూ జిగురు పొరను పైకి నెడుతుంది, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున. రాత్రీ పగలూ ఈ పని ఆగదు. సిగరెట్టు పొగ ఈ నూగును దెబ్బతీస్తుంది. పొగతాగేవాళ్ళు పొద్దున్నే అంతసేపు దగ్గడానికి అదొక కారణం.

ఈ జిగురులో సుమారు 97 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటి భాగంలో ఉప్పు, కొవ్వు, ప్రొటీన్లు ఉంటాయి. జిగురుకు ఆ గుణం తెచ్చేవి మ్యూసిన్లు అనే చాలా పొడవైన ప్రొటీన్లు. వాటి ఒళ్ళంతా చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి, బరువులో ఎక్కువ భాగం ఆ చక్కెరలదే. ఊపిరి దారుల్లో ముఖ్యమైనవి రెండు: మక్-5బి, మక్-5ఏసీ. మొదటిది రోజువారీ శుభ్రానికి పనికొచ్చేది. ఎలుకల్లో ఆ ఒక్క మ్యూసిన్ జన్యువును తొలగిస్తే వాటి ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులు పేరుకుని అవి చనిపోయాయని 2014లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. తెమడను అసహ్యించుకునే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది లేకపోతే మనం బతకం. రెండో మ్యూసిన్, అంటే మక్-5ఏసీ, మామూలు రోజుల్లో కొద్దిగానే ఉంటుంది. దాడి జరిగినప్పుడు పొంగేది అదే.

మ్యూసిన్లు గోబ్లెట్ కణాల్లోనూ, నాళాల గోడలో లోతుగా ఉండే గ్రంథుల్లోనూ తయారవుతాయి. తయారైన మ్యూసిన్‌ను కణం ఎండగట్టి, కాల్షియంతో బిగించి, చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటుంది. సంకేతం అందగానే సంచి పగిలి, మ్యూసిన్ బయటి తడిని పీల్చుకుని సబ్జా గింజలు నీళ్ళలో ఉబ్బినట్టు క్షణాల్లో వందల రెట్లు ఉబ్బుతుంది. అలా ఉబ్బాలంటే బయట తగినంత నీరు ఉండాలి. లోపల బిగించిన కాల్షియాన్ని విడదీయడానికి బైకార్బొనేట్ కూడా ఉండాలి. ఈ రెండో షరతును మనసులో ఉంచుకోండి, టొరంటో కథకు అదే కీలకం.

ఇప్పుడు బాక్టీరియా లోపలికి వచ్చిందనుకుందాం. శ్వాసనాళపు కణాలు వేటికవి కాపలాదార్లే. వాటి మీద టోల్ గ్రాహకాలు అని కొన్ని ఉంటాయి. బాక్టీరియా గోడ ముక్కలు, అది ఈదడానికి వాడే తోకలోని ప్రొటీను, ఇలాంటివి తగలగానే ఆ గ్రాహకాలు కదులుతాయి. అప్పుడు కణం తన గోడ మీదే కట్టి ఉంచుకున్న ఒక వృద్ధి కారకాన్ని టేస్ అనే ఎంజైముతో కోసి వదులుతుంది. అది వెళ్ళి అదే కణం మీద ఉన్న ఈజీఎఫ్ గ్రాహకానికి తగులుకుంటుంది. అక్కడి నుంచి సంకేతం ఒక ఎంజైము నుంచి ఇంకో ఎంజైముకు అందుతూ కణకేంద్రకం దాకా చేరుతుంది. అక్కడ మక్-5ఏసీ జన్యువు మేల్కొంటుంది. 1990ల చివరి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కారొల్ బాస్‌బామ్, జే నాడెల్ బృందాలు ఈ దారిని ముక్కముక్కగా విప్పి చూపాయి. సూడోమొనాస్, స్టాఫిలోకోకస్, హీమోఫిలస్ లాంటి వేరువేరు జాతుల బాక్టీరియాలు వేరువేరు తలుపులు తట్టినా చివరికి ఈ మ్యూసిన్ జన్యువు దగ్గరికే చేరుకుంటాయని తెలిసింది. బాక్టీరియా తెమడను మోసుకురాదు. దాన్ని తయారుచేసేది మన కణాలే. మన రక్షణ కోసం మన శరీరం ఇచ్చే ఆదేశం అది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆ కణాలే రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలకు కబురు పంపుతాయి. అవి దండుగా వచ్చి బాక్టీరియాను మింగుతాయి, చంపుతాయి, తామూ చస్తాయి. చచ్చేటప్పుడు వాటిలోంచి ఎలాస్టేజ్ అనే ఎంజైము కారుతుంది. ఆ ఎలాస్టేజ్ నూగును దెబ్బతీస్తుంది, గోబ్లెట్ కణాలను మళ్ళీ మ్యూసిన్ చెయ్యమని ఉసిగొల్పుతుంది. చచ్చిన కణాల డీఎన్‌ఏ దారాలు దారాలుగా తెమడలో కలిసి దాన్ని ఇంకా జిగటగా మారుస్తుంది. కొన్ని రోజులకు గోబ్లెట్ కణాల సంఖ్యే పెరుగుతుంది. దాడి ముగిసి బాక్టీరియా పోతే అన్నీ సర్దుకుంటాయి. పోకపోతే మాత్రం ఒకటి రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని పెంచుకుంటూ పోతాయి.

తెమడ రంగు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, అందరూ అడిగేదే. ఆకుపచ్చ రంగు బాక్టీరియాది అనుకుంటారు. సాధారణంగా అది న్యూట్రోఫిల్ కణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము రంగు. ఆ ఎంజైముకు పుట్టుకతోనే పచ్చదనం ఉంది. వైరస్ జలుబులో కూడా న్యూట్రోఫిల్స్ వస్తాయి, కాబట్టి జలుబు మూడో నాలుగో రోజుకు చీమిడి పచ్చబడటం మామూలే. అది చూసి యాంటీబయాటిక్ వేసుకోనక్కరలేదు.

మరి బాక్టీరియా పోకుండా ఎందుకు ఉండిపోతుంది? ఈ ప్రశ్నకు జవాబు కాల్గరీలో దొరికింది. బిల్ కాస్టర్టన్ బ్రిటిష్ కొలంబియాలోని వెర్నన్‌లో 1934లో పుట్టినవాడు. యువకుడిగా పంజాబ్‌లోని బటాలాలో ఒక క్రైస్తవ కళాశాలలో కొన్నేళ్ళు జీవశాస్త్రం బోధించాడు కూడా. తర్వాత కాల్గరీ విశ్వవిద్యాలయంలో చేరి, తన సహచరులతో కలిసి కొండవాగుల్లోని రాళ్ళను పరీక్షించాడు. వాగునీటిలో తేలే బాక్టీరియా చాలా తక్కువ, రాళ్ళ మీది జారుడు పూతలో ఉన్నది లెక్కలేనంత. బాక్టీరియా తన చుట్టూ తానే ఒక జిగురు అల్లుకుని గుంపుగా బతకడానికే ఇష్టపడుతుందని, ప్రయోగశాల సీసాలో ఈదే బాక్టీరియాను చూసి మనం మోసపోతున్నామని ఆయన 1978లో సైంటిఫిక్ అమెరికన్ వ్యాసంలో వాదించాడు. 1980లో ఆయన బృందం ఒక జబ్బుతో చనిపోయినవారి ఊపిరితిత్తులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసింది. తెమడ లోపల సూడోమొనాస్ బాక్టీరియా చిన్న చిన్న గుంపులుగా, తన సొంత జిగురులో ఇమిడి కనిపించింది. న్యూట్రోఫిల్స్ వాటిని మింగలేవు, మందు పూర్తిగా లోపలికి చేరదు. ఈ గుంపుల్నే ఇవాళ బయోఫిల్మ్ అంటున్నాం. కొండవాగులో రాయి మీద చూసిన సంగతి మనిషి ఛాతీలో దొరకడం నాకు వైద్యశాస్త్రంలో ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి.

ఆ జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. కెనడాలో సుమారు 3,600 జననాలకు ఒకరికి వస్తుంది. ఇక్కడ నాలుగు వేలమందికి పైగా దానితో జీవిస్తున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే బిడ్డకు జబ్బు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ఆ జన్యువును పట్టుకున్నది టొరంటోలోని హాస్పిటల్ ఫర్ సిక్ చిల్డ్రన్‌లో, ఊరంతా సిక్‌కిడ్స్ అని పిలిచే పిల్లల ఆసుపత్రిలో. షాంఘైలో పుట్టి హాంకాంగ్‌లో పెరిగిన లాప్-చీ త్సుయి, కెనడాకే చెందిన జాక్ రియోర్డన్, అమెరికాలో మిచిగన్ నుంచి ఫ్రాన్సిస్ కాలిన్స్ కలిసి పనిచేశారు. జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉందని 1985లో తేలింది. ఎక్కడో ఖచ్చితంగా చెప్పడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. 1989 సెప్టెంబరు 8న సైన్స్ పత్రికలో వారి మూడు వ్యాసాలు ఒకేసారి వచ్చాయి. ఆ జన్యువు చేసే ప్రొటీన్ పేరు సీఎఫ్‌టీఆర్, అందులో 1,480 అమైనో ఆమ్లాలు. రోగుల్లో ఎక్కువమందికి 508వ స్థానంలో ఉండాల్సిన ఒకే ఒక అమైనో ఆమ్లం లేదు. ఆ ఒక్క లోటుకు ఒక బాల్యం అంతా ఆసుపత్రుల్లో గడిచిపోతుంది.

సీఎఫ్‌టీఆర్ ఉప్పులోని క్లోరైడును, ఇందాక చెప్పిన బైకార్బొనేట్‌ను కణం నుంచి బయటికి పంపే ద్వారం. అది మూసుకుపోతే శ్వాసనాళాల మీద నీరు చాలదు, మ్యూసిన్ విడిపోదు. ముద్దగా, బరువుగా, గోడకు అతుక్కుని ఉండిపోతుంది. నూగు నెట్టలేదు. ముద్దల లోపల ఆక్సిజన్ అందదు, అలాంటి చోట సూడోమొనాస్ హాయిగా ఎదుగుతుంది. ఇంకా మ్యూసిన్ చెయ్యమని కణాలకు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. పరిశోధకులు ఎన్నాళ్ళో వాదించుకున్నారు, తెమడ ముందా ఇన్ఫెక్షన్ ముందా అని. ఒకసారి మొదలయ్యాక రోగికి ఆ తేడా ఉండదు.

టొరంటో చరిత్రలో ఇక్కడొక బాధాకరమైన అధ్యాయం ఉంది. 1950లో అమెరికాలో వాల్టర్ బర్క్‌హోల్డర్ అనే శాస్త్రవేత్త ఉల్లిగడ్డలను కుళ్ళబెట్టే ఒక బాక్టీరియాను వర్ణించాడు. దాన్ని ఇప్పుడు బర్క్‌హోల్డేరియా సెపేషియా అంటున్నాం. అది మనిషికి హాని చేస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల తెమడలో అది కనిపించడం పెరుగుతోందని 1984లో సిక్‌కిడ్స్ వైద్యులు ప్రకటించారు. కొందరు పిల్లలు ఏళ్ళ తరబడి దానితో బాగానే ఉన్నారు. మరికొందరికి మాత్రం తీవ్రమైన జ్వరం వచ్చి, ఊపిరితిత్తులు వేగంగా పాడై, వారాల్లో ప్రాణం పోయింది. దాదాపు ఏ యాంటీబయాటిక్కూ దానిమీద పని చెయ్యలేదు.

అది ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతోంది? జవాబు చాలామంది గుండె పగలగొట్టింది. ఆ రోజుల్లో ఈ పిల్లలకు వేసవి శిబిరాలు ఉండేవి. ఏడాదంతా బడిలో వింతగా చూడబడే పిల్లలు, అన్నంతో పాటు గుప్పెడు మాత్రలు మింగే పిల్లలు, రోజుకు రెండుసార్లు వీపు తట్టించుకుని తెమడ తీయించుకునే పిల్లలు అక్కడ తమలాంటి వాళ్ళను కలిసేవారు. అక్కడ వాళ్ళు వింత కాదు. సరదాగా ఈదేవారు, ఆడేవారు, ఒకే గదిలో పడుకునేవారు. ఆ శిబిరాల్లోనే బాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోందని పరిశోధనలు రుజువు చేశాయి. ఒంటారియోలో దొరికిన ప్రమాదకరమైన తెగే బ్రిటన్‌లోనూ దొరికింది. 1990ల తొలినాళ్ళకు శిబిరాలు మూతపడ్డాయి. ఆసుపత్రుల్లో ఈ రోగులను వేరువేరు రోజుల్లో, వేరువేరు గదుల్లో చూడటం మొదలైంది. ఇవాళ్టికీ సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న ఇద్దరు ఒకే గదిలో దగ్గరగా కూర్చోకూడదు. తన బాధ తెలిసిన ఒకే ఒక్క మనిషికి దూరంగా ఉండాలని ఒక పిల్లకు చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. అయినా ఆ నిర్ణయం సరైనదే. దానివల్ల ప్రాణాలు నిలిచాయి.

ఆ బాక్టీరియా తెమడను ఎలా పట్టుకుంటుందో కూడా సిక్‌కిడ్స్‌లోనే చూశారు. మ్యూసిన్ల మీద జీవితకాలం పనిచేసిన జానెట్ ఫోర్‌స్ట్నర్, ఆమెతో పనిచేసిన ఉమాదేవి సజ్జన్ 1990లలో ఒక సంగతి కనిపెట్టారు. ఆ తెగ ఒంటి మీద పొడవాటి తాళ్ళలా మెలివేసుకున్న పోగులు ఉన్నాయి, వాటితో అది మ్యూసిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. బాక్టీరియాను పట్టి బయటికి తోసెయ్యాల్సిన జిగురునే అది స్థావరం చేసుకుంది. తెమడ నిలిచిపోయిన ఊపిరితిత్తుల్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉండదు.

ఇదే ఆసుపత్రిలో మరో పని జరిగింది, అది మందుతో కాదు, తిండితో. ఈ జబ్బులో క్లోమగ్రంథి నాళాలు కూడా మూసుకుపోతాయి, కొవ్వు అరగదు. అందుకని ప్రపంచమంతటా వైద్యులు ఈ పిల్లలకు కొవ్వు తగ్గించి పెట్టేవారు. పిల్లలు ఎండిపోయేవారు. 1970లలో సిక్‌కిడ్స్‌లో డగ్లస్ క్రోజియర్ దీన్ని తిరగేశాడు. వెన్న, మీగడ, గుడ్లు అన్నీ పెట్టండి, అరగడానికి ఎంజైములు ఎక్కువగా ఇవ్వండి అన్నాడు. 1988లో టొరంటో, బోస్టన్ క్లినిక్‌ల రోగులను పోల్చి చూశారు. ఊపిరితిత్తుల పనితీరు రెండు చోట్లా ఒకేలా ఉంది. టొరంటో పిల్లలు మాత్రం ఎత్తుగా, బలంగా ఉన్నారు. సగం మంది బతికే వయసు బోస్టన్‌లో 21 ఏళ్ళు, టొరంటోలో 30. తినీ తినక ఉన్న శరీరం ఇన్ఫెక్షన్‌తో పోరాడలేదని ఇంతకన్నా సూటిగా చెప్పే లెక్క నాకు తెలియదు. దగ్గు వస్తే నెయ్యి, పెరుగు మానిపించే మన ఇళ్ళ పెద్దలు దీన్ని వినాలని నా కోరిక. బక్కచిక్కిన పిల్లవాడికి తిండి తగ్గించడం మందు కాదు.

ఇక ఇటీవలి సంగతి క్లుప్తంగా చెబుతాను. జన్యువు దొరికిన 30 ఏళ్ళ తర్వాత, రోగుల్లో ఎక్కువమందికి ఆ మూసుకున్న ద్వారాన్నే తెరిచే మాత్ర వచ్చింది. ట్రికాఫ్టా అనే ఆ మందుకు హెల్త్ కెనడా 2021 జూన్‌లో అనుమతినిచ్చింది. ఏడాదికి దాని ధర దాదాపు మూడు లక్షల డాలర్లు. రోగులు, తల్లిదండ్రులు ప్రభుత్వాలను వదలకుండా అడిగారు, ప్రావిన్సులు ఒక్కొక్కటిగా ఖర్చు భరించడానికి ఒప్పుకున్నాయి. మొదటి మాత్ర వేసుకున్న గంటల్లోనే ఏళ్ళనాటి తెమడ పల్చబడి ధారగా బయటికి వచ్చిందని చాలామంది రోగులు చెప్పారు. కానీ ముందే పాతుకుపోయిన సూడోమొనాస్ తగ్గిందే తప్ప చాలామందిలో పూర్తిగా పోలేదు. అందుకే జబ్బును గుర్తించి మందు మొదలుపెట్టడంలో ఆలస్యం చెయ్యకూడదంటాను.

ఇప్పటిదాకా చెప్పింది అరుదైన జబ్బు గురించి. అదే యంత్రాంగం మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ఛాతీలో కూడా నడుస్తుంది, ఇంత ఘోరంగా కాకపోయినా. బీడీ, చుట్ట, సిగరెట్టు కాల్చిన మగవాళ్ళు, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు ఊదురుగొట్టంతో కూర్చుని వంట చేసిన ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎంతమంది! పొగ వల్ల వాళ్ళ గోబ్లెట్ కణాలు అప్పటికే పెరిగి ఉంటాయి, నూగు రాలిపోయి ఉంటుంది. దీని నుంచి వచ్చే జబ్బును సీఓపీడీ అంటారు. వాళ్ళకు ఉన్నట్టుండి ఆయాసం ముదిరితే యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా? విన్నిపెగ్‌లో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ ఆంథొనిసెన్ బృందం దీన్ని ఓపికగా పరీక్షించి 1987లో ఫలితం ప్రకటించింది. 173 మంది రోగులు, 362 సార్లు జబ్బు ముదరడం, సగం సార్లు అసలు మందు, సగం సార్లు ఉత్తి మాత్ర. యాంటీబయాటిక్‌తో 68 శాతం సార్లు కోలుకున్నారు, ఉత్తి మాత్రతో 55 శాతం సార్లు కోలుకున్నారు. అంటే సగానికి పైగా వాటంతట అవే తగ్గాయి. లాభం స్పష్టంగా కనిపించింది మూడు మార్పులూ కలిసి వచ్చినప్పుడు: ఆయాసం పెరగడం, తెమడ ఎక్కువ కావడం, తెమడ చీములా మారడం. ఇవాళ్టికీ ప్రపంచమంతటా వైద్యులు ఈ విన్నిపెగ్ ప్రశ్నలే అడుగుతారు. మీ నాన్నగారిని ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు ఈ మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంచుకోండి. మామూలుగా ఎంత తెమడ పడుతుంది, ఏ రంగులో, ఎప్పటి నుంచి మారింది అని చెప్పగలిగితే వైద్యుడి పని సగం అయిపోతుంది. సూట్‌కేసులోని మాత్ర ఈ ప్రశ్నలేవీ అడగదు. అక్కర్లేకుండా వేసుకుంటే బలహీనమైన బాక్టీరియా చస్తుంది, మందుకు లొంగనిది మిగులుతుంది.

ఇంకొందరిని కూడా తలచుకోవాలి. కెనడా ఉత్తర కొసన నూనావుట్‌లో ఇన్యూట్ ఆదివాసీ పిల్లలకు పసితనంలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ప్రపంచంలోనే అత్యధికంగా వచ్చే వాటిలో ఉన్నాయి. పదే పదే వచ్చిన ఇన్ఫెక్షన్ల వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై తెమడ నిలిచిపోయే బ్రాంకియెక్టసిస్ కూడా వారిలో ఎక్కువ. దానికి ప్రధాన కారణాల్లో ఇరుకు ఇళ్ళు, గాలి ఆడని గదులు, ఇంట్లో పొగ ఉన్నాయి. ఇంత సంపన్న దేశంలో ఇది సిగ్గుపడాల్సిన విషయం. మ్యూసిన్ జన్యువు దాకా తవ్వి చూసిన దేశం అక్కడ సరిపడా ఇళ్ళు కూడా కట్టించాలి.

చివరిగా మన పిల్లల సంగతి. ఒకసారి జలుబు చేసి రెండు మూడు వారాలు దగ్గు ఉంటే కంగారు పడకండి, చిన్నపిల్లలకు అది మామూలే. కానీ ఛాతీలో గరగరమంటూ గళ్ళతో కూడిన దగ్గు రోజూ వస్తూ నాలుగు వారాలు దాటితే వైద్యుడికి చూపించి తీరాలి. శ్వాసనాళాల్లో బాక్టీరియా తిష్ఠ వేసిందేమో చూడాలి. అలా అయితే సరైన యాంటీబయాటిక్ సాధారణంగా రెండు వారాలు వాడితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే కొందరిలో అది బ్రాంకియెక్టసిస్‌కు దారి తీస్తుంది. ఇక్కడ యాంటీబయాటిక్ అవసరమే, వైద్యుడు ఇచ్చినది, చెప్పినన్ని రోజులూ.

ఇంకో హెచ్చరిక ప్రత్యేకంగా మనవాళ్ళకు. కెనడాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి రక్తపు చుక్క తీసి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉందేమో చూస్తున్నారు. అల్బర్టా 2007లో, ఒంటారియో 2008లో మొదలుపెట్టాయి. హైదరాబాదులోనో గుంటూరులోనో పుట్టి తర్వాత ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఆ పరీక్ష జరిగి ఉండకపోవచ్చు. పైగా 508వ స్థానపు లోపం భారతీయ రోగుల్లో ఐరోపా వారిలో ఉన్నంత ఎక్కువ కాదు, మనకు వేరే అరుదైన లోపాలు ఉంటాయి. ఐరోపా జనాభాను చూసి తయారుచేసిన జన్యు జాబితాలు వాటిని పట్టుకోలేకపోవచ్చు. అందుకని ఈ జబ్బు భారతీయులకు రాదన్న పాత మాట ఎవరైనా చెబితే నమ్మకండి, అది తప్పని ఎప్పుడో తేలింది. మీ బిడ్డకు తడి దగ్గు వదలకపోతే, ఎంత తిన్నా బరువు పెరగకపోతే, మలం జిడ్డుగా వస్తుంటే, ముద్దు పెట్టుకున్నప్పుడు చర్మం ఉప్పగా తగిలితే, చెమట పరీక్ష చేయించమని డాక్టరును మీరే అడగండి. సూది ఉండదు, నొప్పి ఉండదు, చేతి మీద చెమట పట్టించి అందులో క్లోరైడును కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే సాధారణంగా జబ్బు ఉన్నట్టే. బిడ్డ ఎక్కడ పుట్టిందో, పుట్టినప్పుడు ఏ పరీక్షలు జరిగాయో కూడా డాక్టరుకు చెప్పండి. అడగడానికి మొహమాటపడకండి.